సాల్మన్లను లెక్కపెట్టబోయే పిల్లలకు

పిల్లలూ,

అమెరికాలో సియాటిల్, బెల్వ్యూ, రెడ్మండ్ వైపు ఉంటున్న మీలో కొందరు ఈసారి పెద్దవాళ్ల వెంట వాగుల్లో సాల్మన్ చేపల్ని లెక్కపెట్టడానికి వెళ్తారని తెలిసి చాలా సంతోషమేసింది. వెళ్లేముందు ఇది చదవండి.

వాగును బాగుచేసేటప్పుడు రోడ్డు కిందున్న ఇరుకు తూము తీసి వెడల్పుది కడతారు, నీళ్లలో దుంగలు పెడతారు, గట్లమీద చెట్లు నాటుతారు. అది చేపలకు పనికొచ్చిందో లేదో తేల్చడానికే ఈ లెక్క. అంకె ఒక్కటే చూస్తే మాత్రం మోసపోతాం. కోహో అనే రకం సాల్మన్ వాగులో ఏడాదికి పైగా పెరిగి, సముద్రానికి పోయి, ఎక్కువగా మూడో ఏట తిరిగొస్తుంది. సముద్రంలో తిండి కరువైతే ఎంత మంచి వాగుకైనా తక్కువే వస్తాయి. అందుకే కోహో లెక్కను నిరుటి లెక్కతోనే కాక, మూడేళ్ల కిందటి దానితో కూడా పోల్చాలి. బాగుచేయని వాగునొకదాన్ని పక్కనపెట్టుకుని దాన్నీ ఇలాగే లెక్కించాలి. తూముకు ఎగువన గూళ్లు, అంటే చేప గుడ్లు పెట్టడానికి రాళ్లలో తవ్వుకునే చోట్లు, కనబడ్డాయా అన్నది నా దృష్టిలో మొత్తం చేపల సంఖ్యకన్నా గట్టి సాక్ష్యం.

వారం పది రోజులకోసారి అదే వాగు, అదే ముక్క నడవాలి. చేప ఏటికి ఎదురుగా తల పెట్టి ఉంటుంది కాబట్టి దిగువనుంచి ఎగువకు నడిస్తే తొందరగా బెదరదు. పోలరైజ్డ్ కళ్లజోడు లేకపోతే నీటిమీది మెరుపే తప్ప అడుగు కనబడదు. వాన తర్వాత నీళ్లు బురదగా ఉంటే సున్నా అని రాసి వదిలేయకండి, ‘నీళ్లు మసక, అడుగు కనబడలేదు’ అని రాయండి. చేపలు లేకపోవడం వేరు, మనకు కనబడకపోవడం వేరు.

గూడును గుర్తుపట్టడమే కష్టం. ఆడచేప పక్కకు ఒరిగి తోకతో గులకరాళ్లను పదేపదే కొడుతుంది. మట్టి, పాచి పోయి రాళ్లు లేతరంగులో బయటపడతాయి. ఎగువన చిన్న గుంట, దాని వెనకే దిగువన రాళ్ల కుప్ప ఉంటాయి. గుడ్లు ఆ కుప్ప కిందే ఉంటాయి, దానిమీద కాలు పెట్టకండి. వరద కడిగిన చోట కూడా రాళ్లు తెల్లగా కనిపిస్తాయి గానీ ఈ గుంటా కుప్పా జంటగా ఉండవు. గూడు దొరగ్గానే పక్క కొమ్మకు తేదీ, నంబరు రాసిన రిబ్బను కట్టండి, లేకపోతే వచ్చే వారం దాన్నే మళ్లీ కొత్తగా లెక్కిస్తారు.

ఈ చేపలు గుడ్లు పెట్టాక చచ్చిపోతాయి. కళేబరాన్ని అనుమతి, శిక్షణ ఉన్న పెద్దవాళ్లే ముట్టుకోవాలి. పొడవు కొలిచి, వీపుమీద తోక దగ్గరుండే చిన్న మెత్తటి రెక్క ఉందో లేదో చూస్తారు. దాన్ని కత్తిరించి ఉంటే హేచరీలో, అంటే మనుషులు చేపపిల్లల్ని పొదిగించి పెంచే చోట, పుట్టిన చేప. తర్వాత తోక కోసి, మళ్లీ లెక్కలోకి రాకుండా చేసి నీళ్లలోనే వదిలేస్తారు. వాగులోని పురుగులకూ పిల్లచేపలకూ అది తిండి. కుక్కను మాత్రం తీసుకెళ్లకండి, పచ్చి సాల్మన్ తింటే దాని ప్రాణానికే ముప్పు.

ఆడచేప పొట్ట కోస్తే గుడ్లు నిండుగా ఉన్నాయంటే అది గూడు కట్టకముందే చచ్చిందన్నమాట. నగరపు వాగుల్లో కోహోలకు ఇలా జరగడానికి కారణం టైర్ల పొడినుంచి పుట్టే 6పీపీడీ-క్వినోన్ అనే రసాయనమని 2020లో తేలింది. వాన పడగానే అది రోడ్డునుంచి వాగులోకి కొట్టుకొస్తుంది. రోడ్డు నీటిని ఇసుక, కంపోస్టు కలిపిన మట్టిలోంచి ఇంకించి వదిలితే కోహోలు బతుకుతున్నాయి. కాబట్టి మీ కాగితంలో అలాంటి చేపల్ని వేరే గడిలో రాసి, అంతకుముందు వాన ఏరోజు పడిందో కూడా పక్కనే వేయండి.

ఇట్లు,
మీ తాతయ్య