ఆఖరి ఓడ కదిలేలోపు

నల్లగొండ,
మార్చి నెల

చిరంజీవులకు తాత దీవెనలు.

అంటార్కిటికాలో చలికాలం రాకముందు మనవాళ్లు రోజంతా ఏం చేస్తారని అడిగారు. మన దగ్గర ముసురు పట్టకముందు గడ్డివాము కప్పుకుంటాం, కట్టెలు లోపల వేసుకుంటాం, జాడీలకు తొక్కు ఎత్తుకుంటాం. అక్కడ చేసేదీ అలాంటి పనే. కాకపోతే ముసురులో ఉప్పు అయిపోతే మనం పక్కింటికి పోతాం. అక్కడ మార్చిలో ఆఖరి ఓడ కదిలిందంటే మళ్లీ అక్టోబరు, నవంబరు దాకా ఏదీ రాదు. అక్కడి మన మైత్రి స్టేషన్‌కు నాలుగైదు కిలోమీటర్లలో రష్యావాళ్ల నోవోలాజరెవ్‌స్కాయా స్టేషన్ ఉంది గానీ, వాళ్లకూ అదే చలికాలం.

మన స్టేషన్లు అక్కడ రెండున్నాయి. మైత్రి 1989 నుంచి, భారతి 2012 నుంచి నడుస్తున్నాయి. రెండూ రాతినేల మీదే కట్టారు. ఎందుకంటే అంతకుముందు 1983-84లో మంచు మీద కట్టిన దక్షిణ గంగోత్రి మెల్లమెల్లగా మంచులో కూరుకుపోయింది. 1990లో దాన్ని వదిలేశారు.

ఈ మార్చిలో మన నల్లగొండలో పగలు రోజుకు ఒక నిమిషం చొప్పున పెరుగుతోంది. మైత్రిలో రోజుకు 9 నిమిషాల చొప్పున తరిగిపోతోంది. అంటే వారానికి గంటకు పైనే. మే నెల చివర్లో మునిగిన సూర్యుడు సుమారు రెండు నెలలు పైకే రాడు. అందుకే బయటి పనులన్నీ ఇప్పుడే, వెలుతురుండగానే ముగించాలి.

అన్నిటికంటే ముందు ఇంధనం. కరెంటు, వెచ్చదనం, వంట, నీళ్లు, రేడియో, అన్నీ జనరేటరు మీదే నడుస్తాయి. మన ట్రాక్టర్లో పోసే డీజిల్ అక్కడ పనికిరాదు. దాంట్లో మైనం ఉంటుంది. చలికాలం పొద్దున కొబ్బరినూనె సీసాలో గడ్డకట్టినట్టు ఆ మైనం పేరుకుని ఫిల్టరును మూసేస్తుంది, ఇంజను ఆగిపోతుంది. అందుకని విమానాల్లో వాడే ఇంధనం తెప్పిస్తారు. అది మైనస్ 47 డిగ్రీల దాకా గడ్డకట్టదు. ఓడ మంచు అంచు దగ్గరే ఆగుతుంది, అక్కణ్ణుంచి మైత్రికి దాదాపు వంద కిలోమీటర్లు. గొలుసు చక్రాల బండ్లు ఇంధనం ట్యాంకులను స్లెడ్జిల మీద, అంటే మంచు మీద జారే చక్రాల్లేని బండ్ల మీద, లాక్కొస్తాయి.

లెక్క మీరే కట్టి చూడండి. ఊరికే లెక్క కోసం రోజుకు 500 లీటర్లు ఖర్చనుకుందాం. 240 రోజులకు 1,20,000 లీటర్లు. దాని మీద నాలుగో వంతు, అంటే 30,000 లీటర్లు, అదనంగా ఉంచాలి. ఎదురుచూసిన వారం ఓడ రాకపోవచ్చు, మంచు అడ్డం పడొచ్చు. ఇంధనం ఉందంటే సరిపోదు, శుభ్రంగా కూడా ఉండాలి. ట్యాంకు లోపలి గాలిలో తేమ నీటిచుక్కలై అడుగున చేరుతుంది. ఆ నీళ్లు గొట్టంలో గడ్డకడితే ట్యాంకు నిండుగా ఉన్నా జనరేటరుకు చుక్క అందదు. అందుకే చలి ముదరకముందే ట్యాంకు అడుగు కుళాయి విప్పి ఆ నీళ్లు తీసేస్తారు. డ్రమ్ము నుంచి ఇంధనం పట్టేటప్పుడు ముందు భూమికి తీగ కలుపుతారు. అక్కడి గాలి ఎంత పొడిదంటే, బట్టల రాపిడికే నిప్పురవ్వ లేస్తుంది.

నిప్పురవ్వ అన్నాను కాబట్టి చెబుతున్నా. అంత చలిలో వాళ్లు అందరికంటే భయపడేది అగ్గికి. గాలి పొడిగా ఉంటుంది, గోడలు ఎండిపోయి ఉంటాయి, ఎగదోసే గాలి ఆగదు, ఆర్పడానికి పారే నీళ్లు ఉండవు. 1982 ఏప్రిల్ 12న రష్యావాళ్ల వోస్తోక్ స్టేషన్‌లో జనరేటర్ల ఇల్లు కాలిపోయింది. ఒకాయన చనిపోయాడు. మిగిలిన 20 మంది డీజిల్‌తో మండే చిన్న పొయ్యిలు తామే చేసుకుని ఆ చలికాలమంతా బతికారు. ఆ వోస్తోక్‌లోనే మరుసటి ఏడాది జూలై 21న మైనస్ 89.2 డిగ్రీలు నమోదైంది. అలా అగ్గి పడితే తలదాచుకోవడానికే ఎక్కడైనా స్టేషన్‌కు దూరంగా మరో గది ఉంచుతారు. బియ్యం, పప్పు, పొయ్యి, ఇంధనం, పరుపులు, ఉన్ని బట్టలు, రేడియో అక్కడ ఇంకో జత ఉంటాయి. మార్చిలో ఆ పొయ్యి వెలిగించి చూడాలి, ఆ రేడియోలో మాట్లాడి చూడాలి. పెట్టెలో ఉందని నమ్మి ఊరుకోకూడదు.

నీళ్ల సంగతి మీకు తొందరగా అర్థమవుతుంది. ఫ్లోరైడ్ బాధ వల్ల మన జిల్లాలో వీధివీధికీ నీళ్ల ప్లాంటు చూసి పెరిగారు కదా. భారతిలో సముద్రపు నీళ్లను అదే రివర్స్ ఆస్మాసిస్ (ఆర్వో) పద్ధతిలో తాగేనీళ్లుగా చేస్తారు. మైత్రిలో ప్రియదర్శిని చెరువు ఉంది. పైన ఎంత మందంగా గడ్డకట్టినా, మంచుగడ్డ తేలుతుంది కాబట్టి అడుగున నీళ్లుంటాయి. చిక్కంతా గొట్టంతోనే. గొట్టం పొడవునా వేడిచేసే తీగ చుట్టి ఉంటుంది. అది ఒక్కచోట తెగినా అక్కడ నీళ్లు గడ్డకట్టి, ఉబ్బి, గొట్టం పగులుతుంది. చీకట్లో, గాలిలో ఆ పగులు వెతకడం నరకం. అందుకని ముందే అంగుళం అంగుళం తడిమి చూస్తారు.

బియ్యం, కందిపప్పు, మటను, బఠానీలకు చలితో పేచీ లేదు. ఆలుగడ్డ, ఉల్లిగడ్డ, కోడిగుడ్లను మాత్రం గడ్డకట్టనీయకుండా వెచ్చని గదిలో దాచాలి. సరుకంతా ఒకేచోట పెట్టరు. కారణం మీకు తెలిసిందే, అగ్గి.

భవనానికీ భవనానికీ మధ్య తాడు కడతారు. మంచుతుపానులో చాచిన చెయ్యి కూడా కనబడదు, ఆ తాడు పట్టుకునే నడవాలి. ముడులన్నీ ఇప్పుడే బిగించాలి. బయట పెట్టిన డ్రమ్ముల పక్కన జెండా కట్టిన వెదురు గడలు పాతాలి, లేకపోతే జూన్‌లో అవి ఎక్కడున్నాయో తెలియదు. బయటికెళ్లేవాళ్లు పలక మీద పేరు, వెళ్లిన సమయం రాసి, జతగా వెళ్లాలి. పరుగెత్తకూడదు. చెమట పట్టిన బట్ట ఒంటి మీదే చల్లబడి వేడినంతా లాగేస్తుంది. నూలు బట్ట చెమట పీల్చి తడిగానే ఉంటుంది, అందుకే ఒంటికి ఆనుకుని నూలు బనీను వేసుకోరు.

చెత్తంతా ఆ ఓడలోనే తిరిగి పంపాలి. అంటార్కిటికా పర్యావరణాన్ని కాపాడటానికి దేశాలు చేసుకున్న 1991 మాడ్రిడ్ ఒప్పందం ప్రకారం పాత బ్యాటరీలు, ప్లాస్టిక్, వాడిన నూనె అక్కడ వదలకూడదు.

ఇక డాక్టరు. మందులు లెక్కపెట్టుకోవడంతో ఆయన పని అయిపోదు. ఇద్దరు ముగ్గురికి తన పక్కన నిలబడి సాయం చేయడం నేర్పాలి. ఎందుకో చెబుతాను. 1961 ఏప్రిల్ చివర్లో నోవోలాజరెవ్‌స్కాయాలో లియోనిడ్ రోగొజోవ్ అనే 27 ఏళ్ల డాక్టరుకు అపెండిక్స్ వాచింది. అక్కడ ఆయన ఒక్కడే డాక్టరు, బయటినుంచి ఎవరూ రాలేరు. తన కడుపు తానే కోసుకున్నాడు. అద్దం పట్టుకున్నది డ్రైవరు, పనిముట్లు అందించింది వాతావరణం చూసే అతను. రెండు వారాల్లో మళ్లీ పనిలోకి దిగాడు.

ఒక పని చేయండి. అమ్మనడిగి ఒక ఆలుగడ్డను రాత్రికి ఫ్రిజ్ పైఅరలో, గడ్డకట్టే చోట పెట్టండి. పొద్దున తీసి కరగనిచ్చి నొక్కండి. మెత్తగా, నీళ్లూరుతూ ఉంటుంది. లోపలి నీళ్లు గడ్డకట్టి ఉబ్బి దాని కణాలను చీల్చేశాయి. ఆ చెరువు గొట్టం పగిలేదీ ఇలాగే. కోసి చూసి, ఏం కనిపించిందో రాసి పంపండి.

మీ తాత