కౌంటర్ దగ్గర తింటే అది బ్రేక్ కాదు: భోజన విరామంపై అపోహలు - వాస్తవాలు

రిటైల్ స్టోర్లకు షిఫ్టులు వేయడం, హాజరు చూసి జీతాల లెక్క తేల్చడం నా పని. అంతకుముందు కొన్నేళ్లు బిల్లింగ్ కౌంటర్‌లో నిలబడ్డాను. అందుకే భోజన విరామం గురించి అటు మేనేజర్లు చెప్పేవీ ఇటు సిబ్బంది చెప్పుకునేవీ రెండూ విన్నాను. వాటిలో కొన్ని తప్పుడు మాటలు తెలియక నేనూ చెప్పాను.

అపోహ: భోజన విరామం ప్రతి దేశంలోనూ ఉద్యోగి హక్కే.

వాస్తవం: కాదు. అమెరికా కేంద్ర చట్టం, అంటే 1938 నాటి ఫెయిర్ లేబర్ స్టాండర్డ్స్ యాక్ట్, వయోజన ఉద్యోగులకు భోజన విరామం ఇచ్చి తీరాలని చెప్పదు. మొదటిసారి చదివినప్పుడు నేనూ నమ్మలేదు. అక్కడ ఆ సంగతి రాష్ట్రాలు చూసుకుంటాయి. కాలిఫోర్నియాలో షిఫ్టు 5 గంటలు దాటితే 30 నిమిషాలు ఇవ్వాలి. అదీ ఐదో గంట ముగిసేలోపే మొదలవ్వాలి. షిఫ్టు 10 గంటలు దాటితే రెండో విరామం కూడా ఉంటుంది. బ్రిటన్‌లో 1998 నాటి వర్కింగ్ టైమ్ రెగ్యులేషన్స్ ప్రకారం 6 గంటలకు మించి పని చేసేవాళ్లకు 20 నిమిషాల విరామం ఉంది. 18 ఏళ్లలోపు వాళ్లకైతే నాలుగున్నర గంటలు దాటితే 30 నిమిషాలు. మన దేశంలో దుకాణాల చట్టం ఒక్కో రాష్ట్రానిది ఒక్కోలా ఉంటుంది. మహారాష్ట్ర 2017 చట్టం వచ్చినప్పుడు వరసగా 5 గంటలకు మించి పని చేయించకూడదని, మధ్యలో కనీసం అరగంట విశ్రాంతి ఇవ్వాలని చెప్పింది. అయితే అప్పట్లో అది 10 మంది, అంతకంటే ఎక్కువ పనివాళ్లున్న చోట్లకే వర్తించేది; 2025లో ఈ నియమాలు మార్చారు.

చాలామంది 1948 ఫ్యాక్టరీల చట్టం చూపించి వాదించేవారు (2025 నవంబర్‌లో దాని స్థానంలోకి కొత్త కార్మిక కోడ్ వచ్చింది). అందులోనూ 5 గంటలు, అరగంట నియమం ఉండేదన్న మాట నిజమే. కానీ దుకాణం ఫ్యాక్టరీ కాదు. తప్పు చట్టం పట్టుకుని వెళ్తే మేనేజర్ ఒక్క మాటతో తిప్పి పంపేస్తాడు. కాబట్టి ముందు మీ చోట దుకాణాలకు ఏ చట్టం నడుస్తోందో చూసుకోండి.

అపోహ: అరగంట బ్రేక్ అని రాసి ఉంటే ఆ అరగంట జీతం కోసుకోవచ్చు.

వాస్తవం: అసలు గొడవంతా ఇక్కడే. నేను పని చేసిన ఒక స్టోర్‌లో మధ్యాహ్నం పూట కౌంటర్‌లో ఒక్కణ్ణే ఉండేవాణ్ణి. డబ్బా మూత తీసేసరికి ఎవరో ఒకరు వచ్చేవారు. చెయ్యి తుడుచుకుని బిల్లు వేసి, మళ్లీ రెండు ముద్దలు. నెలాఖరున జీతం లెక్కలో రోజుకో అరగంట కోత. 'భోజనానికి కూర్చున్నావు కదా' అన్నారు. కూర్చున్నానన్నది నిజమే కాబట్టి నోరు మెదపలేకపోయాను.

అప్పుడు నాకు తెలియని సంగతి ఒకటుంది. వాణిజ్య సంస్థల పనిగంటలపై అంతర్జాతీయ కార్మిక సంస్థ 1930లోనే ఒక ఒప్పందం చేసింది. ఉద్యోగి యజమాని అధీనంలో ఉన్న సమయమంతా పనిగంటలే అని అందులో రాసి ఉంది. యజమాని అధీనంలో లేని విశ్రాంతి సమయం మాత్రమే ఆ లెక్కలోంచి పోతుంది. అమెరికా కేంద్ర నియమాల్లోనూ ఇదే ధోరణి. భోజన సమయానికి జీతం ఇవ్వకూడదనుకుంటే ఆ సమయంలో ఉద్యోగికి ఏ పనీ ఉండకూడదు. తింటూ ఫోన్ ఎత్తడం, గేటు మీద కన్నేసి ఉంచడం, 'ఎవరైనా వస్తే చూడు' అనిపించుకోవడం, ఇవన్నీ పనే. ఇక 5 నుంచి 20 నిమిషాల చిన్న బ్రేకులు ఇస్తే వాటికి అక్కడ జీతం కట్టాల్సిందే.

ఇప్పుడు కోత సాఫ్ట్‌వేరే వేస్తోంది. మీరు పంచ్ చేసినా చేయకపోయినా రోజుకు 30 నిమిషాలు దానంతటదే తీసేస్తుంది. తిన్నారా లేదా అని ఎవరూ అడగరు. నా దృష్టిలో రిటైల్‌లో అన్నిటికంటే నిశ్శబ్దంగా జరిగే కోత ఇదే. జీతాల లెక్క చూసేవాణ్ణి కాబట్టి చెబుతున్నాను, ఆ సెట్టింగ్ మార్చడానికి పట్టేది పది నిమిషాలు.

అపోహ: రద్దీ ఉంటే బ్రేక్ ఆపేయొచ్చు.

వాస్తవం: రద్దీ ఏ రోజు, ఏ వేళకు వస్తుందో షిఫ్టులు వేసేవాడికి ముందే తెలుసు. పాత అమ్మకాల లెక్కలు ముందు పెట్టుకునే కదా షిఫ్టులు వేసేది. మనిషిని తక్కువ పెట్టి, ఆ లోటును ఉన్నవాళ్ల భోజనం టైములో సర్దుకోవడాన్ని రద్దీ అనరు. కాలిఫోర్నియాలో నియమం ప్రకారం విరామం ఇవ్వకపోతే ఆ రోజుకు అదనంగా ఒక గంట జీతం చెల్లించాలి. బ్రిటన్‌లో కొన్ని మినహాయింపులున్నాయి, కానీ అప్పుడు కూడా సాధారణంగా బదులు విశ్రాంతి ఇవ్వాల్సి ఉంటుంది.

అపోహ: బ్రేక్ తీసుకోకుండా అరగంట ముందు ఇంటికి పోవచ్చు.

ఇది సిబ్బందికి బాగా నచ్చే బేరం. నాకూ నచ్చేది. కానీ బ్రిటన్‌లో విరామం పని మధ్యలో పడాలి, షిఫ్టు చివర ఇచ్చేది విరామం కిందకు రాదు. కాలిఫోర్నియాలో షిఫ్టు 6 గంటలు దాటకపోతేనే, యజమాని, ఉద్యోగి ఇద్దరూ ఒప్పుకుంటే మొదటి విరామం వదులుకోవచ్చు.

అపోహ: చేరేటప్పుడు సంతకం పెట్టేశాను, ఇక అడగలేను.

వాస్తవం: చట్టం ఇచ్చిన కనీస హక్కును నియామక పత్రంలో ఒక లైను సాధారణంగా తీసేయలేదు. బ్రిటన్‌లో వారానికి 48 గంటల పరిమితి వద్దని సంతకం పెట్టొచ్చు. విరామం విషయంలో అలాంటి సంతకం చెల్లదు.

అపోహ: బ్రేక్‌లో బయటికి వెళ్లనివ్వకపోతే అది బ్రేకే కాదు.

ఇది సగమే నిజం. కాలిఫోర్నియాలో బయటికి వెళ్లే స్వేచ్ఛ ఉండాలి. అక్కడి సుప్రీంకోర్టు 2012లో బ్రింకర్ అనే రెస్టారెంట్ సంస్థ కేసులో ఇంకో మాట కూడా చెప్పింది: యజమాని పని నుంచి పూర్తిగా వదిలిపెట్టాలి, కానీ ఉద్యోగి ఆ సమయంలో పని చేయకుండా కాపలా కాయక్కర్లేదు. అమెరికా కేంద్ర నియమాల ప్రకారం ఏ పనీ చెప్పకుండా వదిలేస్తే చాలు, స్టోర్ లోపలే ఉండమనవచ్చు. బ్రిటన్‌లో మీ కౌంటర్‌కు దూరంగా గడిపే హక్కు ఉంది.

కూర్చోవడం వేరే హక్కు, దాన్ని దీంతో కలపకండి. కేరళ 2018లో, తమిళనాడు 2021లో దుకాణాల్లో కూర్చునే సౌకర్యం కల్పించాలని చట్టాలు సవరించాయి. స్టూలు ఇచ్చినంత మాత్రాన భోజన విరామం ఇచ్చినట్టు కాదు.

అపోహ: బ్రేక్ దొరకలేదని నిరూపించలేం.

వాస్తవం: రిటైల్‌లో నిరూపించడమే తేలిక. ప్రతి బిల్లు మీద టైము ఉంటుంది, చాలా స్టోర్లలో క్యాషియర్ ఐడీ కూడా ఉంటుంది. మీరు భోజనానికి వెళ్లారని హాజరు పట్టీలో రాసిన అరగంటలోనే మీ ఐడీతో మూడు బిల్లులు పడి ఉంటే ఇక వాదన ఏముంది? కాలిఫోర్నియా సుప్రీంకోర్టు 2021లో ఇంకా ముందుకు వెళ్లింది. భోజన విరామం నిమిషాలను దగ్గరి గుండ్రని అంకెకు సర్ది రాయకూడదంది. విరామం పొట్టిగానో ఆలస్యంగానో ఉన్నట్టు రికార్డు చూపిస్తే నియమం తప్పారనే మొదట అనుకోవాలి, కాదని చూపించుకోవాల్సింది యజమానే అంది.

రోజూ ఎప్పుడు వెళ్లారు, ఎప్పుడు తిరిగొచ్చారు, మధ్యలో ఎవరు పిలిచారు అన్నది మీ సొంత నోట్‌బుక్‌లో రాసుకోండి. బ్రేక్ దొరకని రోజు ఆ సంగతి మేనేజర్‌కు మెసేజ్‌లో పెట్టండి, నోటిమాటగా వదిలేయకండి. నెలాఖరున జీతం స్లిప్పులో కోత గంటలను మీ నోట్‌బుక్‌తో పోల్చి చూడండి. ఎవరైనా ఫిర్యాదుతో నా దగ్గరికొస్తే నేను మొదట తెరిచేది వాళ్ల ఐడీ మీద పడిన బిల్లుల జాబితానే.