చెరువు పచ్చబడితే చేప పెరుగుతుందా? అపోహలు – వాస్తవాలు

నల్లగొండ, మహబూబ్‌నగర్ జిల్లాల కుంటల్లో, చెరువుల్లో చేపపిల్లలు వదిలే సంఘాల్లో తరచూ వినిపించే మాటలివి. ఎన్ని బస్తాల ఎరువు వేశామో అందరూ లెక్కపెడతారు. ఏది ఏ పాళ్లలో పడిందో చూసేవాళ్లు తక్కువ. నష్టమంతా అక్కడే మొదలవుతుంది.

అపోహ: నీళ్లు ఎంత పచ్చగా ఉంటే చేపకు అంత మేత.

వాస్తవం: బొచ్చె చేప ముఖ్యంగా బతికేది నీటిలోని సన్న పురుగుల మీద. నాచును డాఫ్నియా అనే నీటిఈగ తినాలి, నీటిఈగను బొచ్చె తినాలి. ఈ నీటిఈగ ఒంట్లో భాస్వరం ఎక్కువ. ఎండబెట్టి తూస్తే బరువులో సుమారు 1.5 శాతం ఉంటుంది. అంటే దాదాపు 80 కర్బన పరమాణువులకు ఒక భాస్వర పరమాణువు. ఎండ దండిగా ఉండి భాస్వరం కరువైన నీటిలో నాచు కర్బనాన్నే కూడబెట్టుకుంటుంది. ఆ పాళ్లు 300కు ఒకటి దాటాయంటే నీటిఈగ కడుపు నిండా తిన్నా ఎదగదు, గుడ్లు సరిగా పెట్టదు. పప్పూ కూరా లేకుండా రోజూ ఉత్త అన్నమే తినే పిల్లల సంగతి ఎలాంటిదో ఇదీ అలాంటిదే. చెరువు పచ్చగానే కనిపిస్తుంది, బొచ్చె మాత్రం బరువు పెరగదు.

అపోహ: అయితే డీఏపీ ఎరువు వేస్తే సరి, అందులో నత్రజని, భాస్వరం రెండూ ఉన్నాయి కదా.

వాస్తవం: ఉన్నాయి, కానీ పాళ్లు తలకిందులు. 50 కిలోల బస్తాలో నత్రజని 9 కిలోలు. బస్తా మీద రాసే 46 శాతం భాస్వరపు ఆక్సైడ్ లెక్క. అసలు భాస్వరం సుమారు 10 కిలోలు. అంటే రెండూ దాదాపు సమానం. నాచుకు బరువు లెక్కన 1 పాలు భాస్వరానికి 7 పాళ్ల నత్రజని కావాలి. డీఏపీ ఒక్కటే పోస్తే నత్రజని ముందు అయిపోతుంది, భాస్వరం మిగిలిపోతుంది. అప్పుడు గాలిలోని నత్రజనిని పట్టుకోగల అనబీనా వంటి నీలి ఆకుపచ్చ నాచుదే పైచేయి. దాని పోగులు నీటిఈగకు మింగుడు పడవు. పైన పెయింటు పోసినట్టు తెట్టె కడుతుంది, కుళ్లితే కంపు. కొన్ని రకాలు విషం వదులుతాయి కాబట్టి తెట్టె కట్టిన ఒడ్డున బర్రెలను, గొర్రెలను నీళ్లు తాగనివ్వకండి.

అడుగు మట్టి కొంత భాస్వరాన్ని పట్టేసుకుంటుంది కాబట్టి 7 కాకుండా 4 పాళ్ల నత్రజనితో మొదలుపెట్టడం మేలు: కిలో డీఏపీకి కిలోన్నర యూరియా. గుళికలు అలాగే విసిరితే మునిగి బురదలో చిక్కుకుంటాయి. రాత్రి నీళ్లలో నానబెట్టి, పొద్దెక్కాక గాలి వచ్చే వైపు నుంచి చల్లండి. మధ్యాహ్నం పీహెచ్ (నీటి ఆమ్ల, క్షార గుణాల కొలత) 9 దాటే చెరువులో యూరియా వద్దు, అమ్మోనియా విషమై చేపపిల్లలు చస్తాయి. ఉదయసముద్రం వంటి తాగునీటి జలాశయాల్లో ఏ ఎరువూ వేయకూడదు.

వేసే ముందు 20 సెంటీమీటర్ల నలుపు తెలుపు పళ్లేన్ని తాడుతో దింపి చూడండి. 30–40 సెంటీమీటర్ల లోతులో కనుమరుగైతే బాగున్నట్టు; 20 లోపే మాయమైతే ఎరువు ఆపేయండి. వానల తర్వాత చెల్కల నుంచి ఎర్రనీళ్లు దిగినప్పుడు ఈ కొలత మోసం చేస్తుంది. గాజు గ్లాసులో నీళ్లు పట్టి రంగు చూడండి. బురద వల్ల వెలుతురు అందకపోతే ఎంత ఎరువు వేసినా వృథాయే.

అపోహ: పేడ, గడ్డి సహజమైనవి, ఎంత వేసినా తప్పులేదు.

వాస్తవం: వరిగడ్డిలో నత్రజని ఒక పాలైతే కర్బనం 60కి పైనే. దాన్ని కుళ్లబెట్టే సూక్ష్మజీవులు తమకు చాలని నత్రజనిని నీటి నుంచే లాక్కుంటాయి, నాచు పస్తు ఉంటుంది. అంతకన్నా పెద్ద ముప్పు నీటిలో ఆక్సిజన్ కరువవడం. మొగులు పట్టిన రోజు తర్వాత తెల్లారుజామున చేపలు పైకొచ్చి నోళ్లు తెరుస్తున్నాయంటే వెంటనే మేత, ఎరువు ఆపి, మోటారుతో నీళ్లు ఎత్తి చిమ్మండి, కొత్త నీళ్లు వదలండి. సున్నం చల్లితే ఆక్సిజన్ రాదు.

అపోహ: గుర్రపుడెక్క పీకి కట్ట మీద వేస్తే చాలు.

వాస్తవం: కుళ్లిన రసం మొదటి వానకే మళ్లీ చెరువులోకి. కట్టకు అవతల వేసి కంపోస్టు చేయండి.

అపోహ: ఎరువు మానేస్తే తెట్టె పోతుంది.

వాస్తవం: వెంటనే పోదు. అడుగున గాలి ఆడని ఎండాకాలంలో, ఇనుముతో బంధించి ఉన్న భాస్వరం పూడిక నుంచి విడుదలవుతూనే ఉంటుంది. నీళ్లు అడుగంటినప్పుడు పూడిక తీసి పరీక్ష చేయించి, భాస్వరం తక్కువున్న చెల్కలకు తోలడం దీనికి అసలు మందు. 2015లో మొదలైన మిషన్ కాకతీయ పనుల్లో చాలా ఊళ్లు చేసింది ఇదే. చేప పట్టినప్పుడూ కొంత భాస్వరం బయటికి వస్తుంది, కానీ తక్కువ. చేప పచ్చి బరువులో అది అర శాతం మేరకే ఉంటుంది. ఒక్క డీఏపీ బస్తా భాస్వరం తిరిగి రావాలంటే దాదాపు రెండు టన్నుల చేప వలలో పడాలి.