కార్చిచ్చు వెనక కాంట్రాక్టు కాగితం

అమెరికా పశ్చిమ రాష్ట్రాల్లో అడవికి పెద్ద మంట అంటుకుందంటే, రెండు మూడు రోజుల్లో దాని పక్కనే ఒక ఊరు లేస్తుంది. స్కూల్ గ్రౌండులోనో, ఖాళీ మైదానంలోనో వెయ్యి, రెండు వేల మందికి డేరాలు, వంటశాల, స్నానాల ట్రైలర్లు, మరుగుదొడ్లు, డీజిల్ బండి, ఐసు లారీ వచ్చి చేరతాయి. వీటిలో చాలావరకు అద్దెకు తెచ్చినవే. మంట దగ్గరికి నీళ్లు మోసే ట్యాంకర్లు, దారి చెక్కే బుల్డోజర్లు, పైనుంచి నీళ్లు గుమ్మరించే హెలికాప్టర్లు కూడా ఎక్కువగా ప్రైవేటువే. చేతి పనిముట్లతో మంటకు అడ్డంగా నేల గీకే ఇరవై మంది జట్లలోనూ కాంట్రాక్టు కంపెనీల జట్లు చాలా ఉంటాయి. 2014 మార్చిలో మన శేషాచలం కొండల్లో మంటలు లేచినప్పుడు వాయుసేన హెలికాప్టర్లు బకెట్లతో నీళ్లు చల్లాయి. అవి ప్రభుత్వానివే. అమెరికాలో అలాంటి హెలికాప్టర్ సాధారణంగా ఒక టెండరు ద్వారా వస్తుంది.

ఇంత సరంజామాను పిలిపించి, తనిఖీ చేయించి, లెక్క రాసి, బిల్లు కట్టే మనుషులు వేరే ఉన్నారు. టీవీ కెమెరాలు వాళ్ల వైపు తిరగవు. కానీ ఈ వ్యవస్థ చరిత్ర చూస్తే, కాంట్రాక్టు కాగితంలో తప్పు దొర్లిన చోట మనుషులు చనిపోయారని తెలుస్తుంది. అందుకే ఈ ఉద్యోగాల గురించి మాట్లాడుకోవాలి.

కథ 1908లో మొదలవుతుంది. అటవీ శాఖ, అంటే యూఎస్ ఫారెస్ట్ సర్వీస్, పుట్టి అప్పటికి మూడేళ్లే. మంటలొస్తే బడ్జెట్ దాటి ఖర్చు పెట్టుకోవచ్చని, ఆ లోటును తర్వాత పూడుస్తామని ఆ ఏడాది కాంగ్రెస్ చట్టం చేసింది. రెండేళ్లకే దానికి పరీక్ష వచ్చింది. 1910 ఆగస్టు 20, 21 తేదీల్లో ఐడహో, మొంటానా ప్రాంతాల్లో సుమారు 30 లక్షల ఎకరాలు కాలిపోయాయి. 80 మందికి పైగా చనిపోయారు, వాళ్లలో ఎక్కువమంది మంటలార్పడానికి కూలికి వచ్చినవాళ్లు. గంటకు పాతిక సెంట్ల కూలి అంటే, గనుల్లోంచీ సారా దుకాణాల్లోంచీ దొరికినవాళ్లను దొరికినట్టు తెచ్చారు. ఎవరి పేరు ఎక్కడ రాశారో, ఎవరికి ఎన్ని గంటలు బాకీ ఉందో తేల్చే యంత్రాంగం లేదు. చేతిలో డబ్బు అయిపోయి రేంజర్లు తమ జేబులోంచి ఖర్చు పెట్టారు. నలభై మందికి పైగా కూలీలను గని సొరంగంలోకి నడిపించి చాలామందిని కాపాడిన ఎడ్ పులాస్కీ తన వైద్యం ఖర్చు తానే పెట్టుకున్నాడు. ఆ ఏడాది లోటు పది లక్షల డాలర్లు దాటింది. కాంగ్రెస్ చట్టం ప్రకారం పూడ్చింది.

ఆ అలవాటు గట్టిపడిపోయింది. మంట కనిపిస్తే ఖర్చు అడిగేవాడు లేడు. 1935 నుంచి నియమం మరీ కఠినమైంది: ఈరోజు కనిపించిన మంట రేపు ఉదయం పది గంటల లోపు అదుపులోకి రావాలి. బిల్లు ఎంతైనా దొరికిన బండిని పిలవడమే సరైన పని అనిపించే పద్ధతి ఇది. 1908 నాటి ఏర్పాటు 1978 వరకు సాగింది.

కొనుగోలుదారుడికి సొంత కుర్చీ వేసింది మాత్రం 1970 కాలిఫోర్నియా మంటలు. 13 రోజుల్లో 16 మంది చనిపోయారు, 700కు పైగా ఇళ్లు, కట్టడాలు కాలిపోయాయి, 5 లక్షల ఎకరాలకు పైగా బూడిదైంది. ఒకే మంట దగ్గర పది శాఖలు, పది రకాల పేర్లు, ఎవరు ఎవరికి చెప్పాలో తెలియని గందరగోళం. దాని నుంచి వచ్చిందే ఇన్సిడెంట్ కమాండ్ సిస్టమ్, అంటే మంట దగ్గర ఎవరు ఎవరి కింద ఏ పని చేయాలో తేల్చే ఏర్పాటు. అందులో ఐదు విభాగాలు: నాయకత్వం, ఆపరేషన్స్, ప్లానింగ్, లాజిస్టిక్స్, ఫైనాన్స్. మంటలార్పేవాళ్లతో సమానంగా డబ్బు లెక్క చూసేవాళ్లకూ ఒక విభాగం ఇచ్చారు. నా దృష్టిలో ఈ వ్యవస్థలో అందరికన్నా దూరం ఆలోచించి చేసిన పని అదే. ఫైనాన్స్ కింద టైమ్ లెక్క ఒకరిది, ఖర్చు అంచనా ఒకరిది, గాయాలు, నష్టపరిహారం ఒకరివి, కొనుగోళ్లు, అద్దెలు ఒకరివి.

ఇది పనిచేసే తీరు ఒక నీళ్ల ట్యాంకరు దగ్గర చూద్దాం. బండి క్యాంపుకు రాగానే తనిఖీ: టైర్లు, బ్రేకులు, లీకులు, పంపు. ఫెయిలైతే అద్దె మొదలవ్వదు. ప్రతి బండికీ పిలిచినప్పుడే ఇచ్చిన ఆర్డర్ నంబరు ఒకటి ఉంటుంది. పరికరాలైతే ఇంగ్లీషు ఇ అక్షరంతో, సరుకులైతే ఎస్‌తో, విమానాలైతే ఎ తో మొదలవుతుంది. రోజు చివర డ్రైవరు షిఫ్ట్ టికెట్ అనే కాగితం మీద ఎప్పుడు మొదలెట్టాడో, ఎప్పుడు ఆపాడో రాస్తాడు. మంట దగ్గర పని చూసే ప్రభుత్వ సూపర్‌వైజరు, కాంట్రాక్టరు మనిషి ఇద్దరూ సంతకం పెడతారు. అది ఫైనాన్స్ డేరాకు చేరాలి. మంట దగ్గరున్న పెద్దాయన "ఇంకో రెండు బండ్లు తీసుకురా" అని నోటిమాటగా చెప్తే, ఆర్డర్ నంబరు లేకపోతే ఆ బండ్ల అద్దెకు దిక్కులేదు. ప్రభుత్వం తరఫున ఒప్పందం మీద సంతకం పెట్టే, మార్చే అధికారం కాంట్రాక్టింగ్ ఆఫీసరుకే ఉంటుంది.

మంట పెద్దదై స్థానిక ఆఫీసు చేతులెత్తేస్తే, వేరే ప్రాంతాల నుంచి బయింగ్ టీమ్ దిగుతుంది. ఐసు, మందులు, బూట్లు, హోటల్ గదులు, ప్రింటర్ అద్దె, అన్నీ వీళ్ల చేతి మీదుగానే. వీళ్లు మంటలార్పే పనిని నడిపే బృందం కింద పనిచేయరు, ఆ అడవి తాలూకు స్థానిక అధికారికి జవాబుదారులు. అడిగేవాడూ కొనేవాడూ ఒక్కడే కాకూడదన్న జాగ్రత్త ఇక్కడ ఉంది.

బండ్ల అద్దెలు మొదట్లో చాలావరకు ఊళ్లోనే కుదిరేవి. బుల్డోజర్ ఉన్న రైతు ఒప్పందం మీద సంతకం పెట్టేవాడు. 2000ల చివర్లో ఫారెస్ట్ సర్వీస్ దీన్ని ఆన్‌లైన్ టెండర్లలోకి మార్చింది. సీజన్‌కు ముందే ధర, బండి నాణ్యత చూసి వరుస జాబితా తయారవుతుంది, మంటొస్తే పైనున్నవాళ్లను ముందు పిలుస్తారు. దీంతో ధరలకు హద్దు వచ్చింది. కానీ పక్క పొలంలో బుల్డోజర్ పెట్టుకుని మంటను చూస్తూ నిలబడ్డ రైతుకు మాత్రం, జాబితాలో పేరు లేదంటే కడుపు మండుతుంది. ఆ కోపం అన్యాయమని నేను అనలేను. అలాగని తనిఖీ లేని బండిని, శిక్షణ లేని డ్రైవరును మంటలోకి పంపడం ఇంకా పెద్ద అన్యాయం. 2003 ఆగస్టులో ఐడహో మంట నుంచి ఇంటికి తిరిగొస్తున్న 8 మంది కాంట్రాక్టు కార్మికులు తూర్పు ఆరిగన్‌లో వ్యాను లారీని ఢీకొని చనిపోయారు. మంట నుంచి బతికి బయటపడి రోడ్డు మీద పోయారు.

విమానాల కథ ఇంకా చేదు. 2002 జూన్ 17న కాలిఫోర్నియాలోని వాకర్ దగ్గర మంటలార్పే సీ-130ఏ విమానం రెక్కలు గాల్లోనే విరిగాయి, ముగ్గురు పోయారు. నెల తిరగగానే కొలరాడోలో మరో ట్యాంకర్ విమానం అలాగే కూలి ఇద్దరు పోయారు. రెండూ దశాబ్దాల కిందటి సైనిక విమానాలు. 2004 మేలో ఫారెస్ట్ సర్వీస్ 33 పెద్ద ట్యాంకర్ విమానాల కాంట్రాక్టులు ఒక్కసారిగా రద్దు చేసింది. విమానం ఎగరడానికి పనికొస్తుందో లేదో చూసే బాధ్యత అద్దెకు తీసుకున్నవాడి మీదా ఉందని అప్పటికి తెలిసొచ్చింది.

అది తెలిసొచ్చాక కూడా 2008 ఆగస్టు 5 వచ్చింది. ఉత్తర కాలిఫోర్నియాలో వీవర్‌విల్ దగ్గర కొండ మీది నుంచి ఒక సికోర్‌స్కీ ఎస్-61 హెలికాప్టర్ మనుషులను కిందికి దించుతోంది. లోపల 13 మంది. పైకి లేచిన కాసేపటికే చెట్లకు తగిలి కూలి తగలబడింది. 9 మంది చనిపోయారు: ఒక కాంట్రాక్టు కంపెనీకి చెందిన ఏడుగురు మంటలార్పేవాళ్లు, పైలట్, తనిఖీ కోసం ఎక్కిన ఫారెస్ట్ సర్వీస్ పైలట్. ఆ పూట పైలట్లు బరువు లెక్క వేసుకునే ఎగిరారు. ఆ లెక్కకు ఆధారమైన కాగితమే అబద్ధం. హెలికాప్టర్‌ను అద్దెకిచ్చిన కార్సన్ హెలికాప్టర్స్ కంపెనీ ఖాళీ హెలికాప్టర్ బరువును కావాలనే వెయ్యి పౌన్లకు పైగా తగ్గించి చూపిందని, ఎంత మోయగలదో చెప్పే చార్టును కూడా మార్చిందని జాతీయ రవాణా భద్రతా బోర్డు 2010లో తేల్చింది. అసలు బరువు చూపిస్తే టెండరు షరతులకు ఆ హెలికాప్టర్ సరిపోదు. ఫారెస్ట్ సర్వీస్, విమానయాన శాఖ పర్యవేక్షణ చాలలేదని కూడా బోర్డు రాసింది. తర్వాత అదే కంపెనీ మిగతా హెలికాప్టర్లను తూస్తే కాగితంలో కన్నా బరువుగానే తేలాయి. కంపెనీ మాజీ ఉపాధ్యక్షుడికి 2015లో 12 ఏళ్ల 7 నెలల జైలు శిక్ష పడింది. టెండరు దాఖలైన రోజే ఎవరో ఒకరు ఆ హెలికాప్టర్‌ను తూకానికి పెట్టి ఉంటే చాలు.

ఈలోగా డబ్బు సమస్య ముదిరింది. ఫారెస్ట్ సర్వీస్ బడ్జెట్‌లో మంటల వాటా 1995లో 16 శాతం, 2015కు సగం దాటింది. మంటల ఖాతా ఖాళీ అయితే అడవిలో ఎండు కంప తీసే పనుల నిధుల్లోంచి అప్పు తెచ్చేవాళ్లు. అంటే రేపటి మంటను తగ్గించే డబ్బుతో ఇవాళ్టి మంటకు బిల్లు కట్టడం. 2018 మార్చిలో కాంగ్రెస్ విడిగా ఒక నిధి పెట్టింది, 2020లో 225 కోట్ల డాలర్లతో మొదలై 2027 నాటికి 295 కోట్లకు పెరిగేలా. బే ఏరియా తెలుగువాళ్లకు ఆకాశం నారింజ రంగుకు తిరిగిన 2020 సెప్టెంబరు 9 గుర్తుండే ఉంటుంది. ఆ కొత్త నిధికి అదే తొలి సీజన్.

డబ్బు ఏర్పాటు అయింది కానీ, దాన్ని ఖర్చు పెట్టే చేతుల మీద దెబ్బ పడింది. మంటల సీజన్‌లో కొనుగోళ్లు, లెక్కలు చూసేవాళ్లలో చాలామందికి ఏడాదంతా వేరే ఉద్యోగం ఉంటుంది. రెడ్ కార్డ్ అనే అర్హత పత్రం ఉంటే పిలిచినప్పుడు క్యాంపుకు వెళ్తారు. 2025 ఫిబ్రవరిలో ఫారెస్ట్ సర్వీస్ సుమారు 3,400 మంది ప్రొబేషన్ ఉద్యోగులను తొలగించింది. మంటలార్పే ఉద్యోగాలను మినహాయించామన్నారు, కానీ పోయినవాళ్లలో రెడ్ కార్డ్ ఉన్నవాళ్లూ ఉన్నారు. తర్వాత స్వచ్ఛందంగా రాజీనామా ఇచ్చి వెళ్లిన రెడ్ కార్డ్‌దారులను సీజన్‌కు తిరిగి రమ్మని శాఖే అడగాల్సి వచ్చింది. అదే ఫిబ్రవరిలో ఫెడరల్ ఉద్యోగులు ప్రభుత్వ ఖర్చులకు వాడే క్రెడిట్ కార్డులను 30 రోజులు ఆపేస్తూ ఉత్తర్వు వచ్చింది. విపత్తు సహాయానికి మినహాయింపు ఇచ్చారు. కానీ ఫిబ్రవరి అంటే వేసవికి సరుకు సమకూర్చుకునే నెల, మంటలు ఇంకా రాని నెల.

2025 జూన్ 12న అధ్యక్షుడు మరో ఉత్తర్వు ఇచ్చారు: అంతర్గత వ్యవహారాల శాఖ, ఫారెస్ట్ సర్వీస్ ఉన్న వ్యవసాయ శాఖ విడివిడిగా నడిపే మంటల విభాగాలను వీలైనంత వరకు కలపాలి. ఈ రెండింటికీ విమానాల కాంట్రాక్టులు వేరు, తనిఖీ పద్ధతులు వేరు. విలీనమంటే ముందు ఈ కాగితాలను కలపడం. హెలికాప్టర్ కంపెనీ ఇచ్చిన బరువు లెక్కను ఎవరు సరిచూస్తారు, ట్యాంకరు టైర్లను ఏ నిబంధన కింద చూస్తారు, షిఫ్ట్ టికెట్ ఏ ఆఫీసుకు వెళ్తుంది అన్నవి కలిపిన విభాగానికి కొత్త పేరు బోర్డు తగిలించే లోపే తేలాలి. వాటిని తేల్చగలిగిన అనుభవజ్ఞులైన కాంట్రాక్టింగ్ ఆఫీసర్లను ఇంటికి పంపి, ఆ తర్వాత విలీనం మొదలుపెట్టకూడదు.