ఎముక అతుక్కుంది, మరి జబ్బు? ఆస్టియోపోరోసిస్‌పై అపోహలు - వాస్తవాలు

తుంటి విరిగి ఆపరేషన్ చేయించుకున్న పెద్దవాళ్ల డిశ్చార్జి కాగితం ఒకసారి చదవండి. ఏ రాడ్డు వేశారు, కుట్లు ఎప్పుడు విప్పాలి, నొప్పి మాత్రలు ఎన్ని రోజులు... అన్నీ ఉంటాయి. నిలబడ్డ మనిషి కాలు జారి పడితేనే అంత పెద్ద ఎముక ఎందుకు విరిగిందన్నది మాత్రం చాలాసార్లు ఉండదు. ఎముకల వైద్యంలో ఉన్న నాకు అన్నిటికన్నా బాధ కలిగించేది ఇదే.

అపోహ: ఎముక అతుక్కుంటే వైద్యం పూర్తయినట్టే.

వాస్తవం: అతుక్కున్నది ఎముక. దాన్ని గుల్లబార్చిన జబ్బు, అంటే ఆస్టియోపోరోసిస్, ఒంట్లోనే ఉంది. ఒకసారి విరిగినవాళ్లకు మళ్లీ విరిగే ముప్పు మొదటి రెండేళ్లలో బాగా ఎక్కువ. సరిగ్గా ఆ సమయంలోనే పేషెంటు ఎవరి చేతిలోనూ ఉండరు. ఆపరేషన్ చేసిన సర్జన్ ఫిజీషియన్ చూసుకుంటారనుకుంటారు, ఫిజీషియన్ అది ఎముకల డాక్టర్ పని అనుకుంటారు. ఈ ఖాళీని పూడ్చడానికే ఫ్రాక్చర్ లయజాన్ సర్వీస్ అనే పద్ధతి వచ్చింది. స్కాట్లాండ్‌లోని గ్లాస్గోలో 1990ల చివర్లో మొదలైంది. ఒక కోఆర్డినేటర్, చాలాచోట్ల ఒక నర్సు, యాభై దాటాక ఎముక విరిగి వచ్చిన ప్రతి ఒక్కరి పేరూ రాసుకుంటారు. పరీక్షలు చేయిస్తారు, మందు మొదలయ్యేలా చూస్తారు, కొన్ని నెలల తర్వాత ఫోన్ చేసి "వేసుకుంటున్నారా?" అని అడుగుతారు. నన్నడిగితే ఆ ఫోన్ కాల్ కూడా వైద్యమే. ఇలాంటి సేవలు అన్ని దేశాల్లో పెరగాలని ఇంటర్నేషనల్ ఆస్టియోపోరోసిస్ ఫౌండేషన్ 2012లో 'క్యాప్చర్ ద ఫ్రాక్చర్' కార్యక్రమం మొదలుపెట్టింది.

అపోహ: దేశాల మధ్య డాక్టర్ల సహకారమంటే సదస్సులు, ప్రసంగాలే.

వాస్తవం: ఆసియా పసిఫిక్‌లో జరిగిన పని చూడండి. 2019లో ఈ ప్రాంతపు నిపుణులు కలిసి ఏషియా పసిఫిక్ కన్సార్టియం ఆన్ ఆస్టియోపోరోసిస్ ఏర్పాటు చేసుకున్నారు. అప్పటికే వాడుకలో ఉన్న 18 మార్గదర్శకాలను పక్కపక్కన పెట్టి పోల్చితే, ఎవరికి పరీక్ష చేయాలి, ఎప్పుడు మందు ఇవ్వాలి అన్న దగ్గరే తేడాలు కనిపించాయి. వాటిమీద చర్చించి, అభిప్రాయాలు కూడగట్టి, ఎక్కడైనా తప్పక పాటించాల్సిన 16 కనీస ప్రమాణాలు ఖరారు చేసి 2021లో ప్రచురించారు. ముప్పున్నవాళ్లను గుర్తించడం దగ్గర్నుంచి, మళ్లీ పడిపోయే ప్రమాదం ఎంతో అంచనా వేయడం, ఆసుపత్రికీ ఫ్యామిలీ డాక్టర్‌కీ మధ్య సమాచారం తెగిపోకుండా చూడడం దాకా అందులో ఉన్నాయి.

అలాగని అందరికీ ఒకే కొలత పెట్టలేదు, పెట్టకూడదు కూడా. తుంటి విరిగేవాళ్ల సంఖ్య ఒక్కో దేశంలో ఒక్కోలా ఉంటుంది. అందుకే రాబోయే పదేళ్లలో ఎముక విరిగే ముప్పు ఎంతో చెప్పే, 2008లో వచ్చిన ఫ్రాక్స్ లెక్కలో దేశాన్ని ఎంచుకోవాలి. వివరాలన్నీ ఒకటే అయినా దేశం మారితే వచ్చే అంకె మారుతుంది.

అపోహ: ఎముక సాంద్రత కొలిచే డెక్సా స్కాన్ అందుబాటులో లేకపోతే చేసేదేమీ లేదు.

వాస్తవం: స్కాన్ లేకుండానూ ముప్పును అంచనా కట్టవచ్చు. ఎనిమిది ఆసియా దేశాల్లో బహిష్టులు ఆగిన మహిళల వివరాలతో 2001లో ఓస్టా అనే లెక్క తయారైంది. కిలోల్లో బరువు నుంచి వయసు తీసేసి, వచ్చినదాన్ని 0.2తో గుణించాలి. 72 ఏళ్ల మహిళ 47 కిలోలుంటే మైనస్ 5 వస్తుంది. మైనస్ 4 కన్నా తక్కువంటే ముప్పు ఎక్కువ, ముందుగా స్కాన్‌కు పంపాల్సింది వాళ్లనే. తుంటో వెన్నుపూసో చిన్న దెబ్బకే విరిగినవాళ్లకైతే స్కాన్ కోసం ఆగకుండానే మందు మొదలుపెట్టవచ్చు.

అపోహ: కాల్షియం మాత్రలు వేసుకుంటే సరిపోతుంది.

వాస్తవం: ఎముక విరిగే ముప్పు ఎక్కువున్నవాళ్లకు సరిపోదు. కాల్షియం, విటమిన్ డి అసలు మందుకు తోడు మాత్రమే.

అపోహ: ఈ జబ్బుకు ఇచ్చే ఇంజక్షన్ ఒకసారి మానేసినా నష్టం లేదు.

వాస్తవం: అది ఏ ఇంజక్షన్ అన్నదాన్ని బట్టి ఉంటుంది. ఏడాదికోసారి ఇచ్చే జోలెడ్రోనిక్ యాసిడ్ ఎముకలో చాలాకాలం నిలుస్తుంది. ఆరు నెలలకోసారి ఇచ్చే డెనోసుమాబ్ అలా కాదు. ఆపేస్తే ఎముక వేగంగా తరిగిపోతుంది, కొందరికి వెన్నుపూసలు ఒకటికి రెండు విరుగుతాయి. ఆపాల్సివస్తే బదులుగా వేరే మందు మొదలుపెట్టాలి. కాబట్టి డాక్టర్ మారినా, ఊరు మారినా మందు పేరూ, చివరి డోసు తేదీ ఉన్న కాగితం మీ దగ్గర ఉంచుకోండి. కొత్త డాక్టర్‌కు మొదట అదే చూపించండి.