ఉప్పు తిన్నదెవరు, నీళ్లు తాగుతున్నదెవరు?

మంచు కరగడం మొదలయ్యే రోజుల్లో కెనడాలోని టొరంటో చుట్టుపక్కల కాండోల (ఎవరి ఫ్లాటు వాళ్లది, మిగతాదంతా ఉమ్మడి అయిన అపార్ట్‌మెంట్ల) వాట్సాప్ గ్రూపుల్లో రెండు రకాల ఫొటోలు తిరుగుతుంటాయి. ఒకటి, అండర్‌గ్రౌండ్ పార్కింగ్‌లో కారు బానెట్ మీద పైనుంచి కారిన సున్నం చారలు. రెండోది యజమానుల తరఫున భవనాన్ని నడిపే బోర్డు పంపిన నోటీసు: రిజర్వ్ ఫండ్ స్టడీ (పెద్ద రిపేర్లకు ఎంత దాచాలో తేల్చే లెక్క) పూర్తయింది, వచ్చే ఏడాది నుంచి నెలవారీ ఫీజు ఇంత పెరుగుతుంది అని. మొదటి ఫొటోకు ఒకరిద్దరు ‘అయ్యో’ అంటారు. రెండోదానికి తెల్లారేసరికి లెక్కలేనన్ని మెసేజీలు. ‘మమ్మల్ని అడిగారా?’, ‘నేను కొని రెండేళ్లే అయింది, ముప్పై ఏళ్ల గ్యారేజీకి నేనెందుకు కట్టాలి?’, ‘ముందు ఈ బోర్డును మార్చాలి’.

ఆ రెండు ఫొటోల మధ్య చుట్టరికం తెలిస్తే గొడవ సగం అర్థమవుతుంది.

టొరంటో ఉన్న ఒంటారియో రాష్ట్రంలో ఇది పాత గొడవే. ఇప్పుడు పక్కనున్న క్యుబెక్‌కూ వచ్చింది. అక్కడ 2019 డిసెంబరులో ఆమోదించిన చట్టానికి నిబంధనలు తయారై, 2025 ఆగస్టు 14న అమల్లోకి వచ్చాయి. ప్రతి నివాస కాండో సముదాయం రాబోయే 25 ఏళ్లలో ఏమేం మార్చాలో, ఎంత ఖర్చవుతుందో నిపుణుల చేత లెక్క కట్టించి, ఐదేళ్లకోసారి సరిచూసుకోవాలి. పాత భవనాలకు మూడేళ్ల గడువు ఇచ్చారు. అంతకుముందు అక్కడ ఉమ్మడి ఖర్చుల్లో కనీసం 5 శాతం పక్కన పెడితే చట్టం ఊరుకునేది. మంచులో సగం ఏడాది మునిగి ఉండే చోట 5 శాతం ఏ మూలకని అడిగినవాళ్లు తక్కువ. ఇన్నాళ్లూ 5 శాతంతో సరిపెట్టుకున్నవాళ్ల ముందుకు తొలిసారి అసలు అంకె వచ్చి కూర్చుంది.

ఒంటారియోలో కాండో చట్టం 1967లో ఎలా పుట్టింది, 1978లో ఎలా మారింది అన్న పురాణం చాలాచోట్ల దొరుకుతుంది కాబట్టి వదిలేద్దాం. తెలుగు పాఠకులకు ఒక్క మాట చాలు: రిజర్వ్ ఫండ్ మన హైదరాబాద్ అపార్ట్‌మెంట్ల కార్పస్ ఫండ్‌కు దూరపు చుట్టం. కార్పస్ చాలావరకు బిల్డర్ ఒకేసారి వసూలు చేసి అసోసియేషన్ చేతిలో పెట్టే మొత్తం. రిజర్వ్ ఫండ్ నెలనెలా పేరుకునేది. రూఫు, బాయిలర్, కిటికీలు, లిఫ్టు, గ్యారేజీ వంటి పెద్ద రిపేర్లకు, మార్పిళ్లకు తప్ప దాన్ని ముట్టుకోకూడదు. వాచ్‌మన్ జీతానికి, కరెంటు బిల్లుకు అందులోంచి తీయడం కుదరదు.

నన్నడిగితే అసలు మలుపు ఏ చట్టంలోనూ లేదు. ఉప్పులో ఉంది.

కెనడాలో రోడ్ల మీద మంచు కరిగించడానికి ఏటా సుమారు 50 లక్షల టన్నుల ఉప్పు చల్లుతారు. ఉప్పు కలిసిన ఆ బురదమంచు టైర్లకు, చక్రాల గూళ్లకు అంటుకుని కారుతోపాటు గ్యారేజీలోకి దిగుతుంది. బయట మైనస్ 10 ఉన్నా లోపల వెచ్చగానే ఉంటుంది. గడ్డ కరిగి, ఉప్పునీరు స్లాబు మీద మడుగు కడుతుంది. రోడ్డు మీదైతే ఎప్పుడో ఒక వాన వచ్చి కడుగుతుంది. గ్యారేజీలో వాన పడదుగా! నీరు ఆవిరైపోతుంది, ఉప్పు మిగులుతుంది. మర్నాడు మరో కారు, మరికాస్త ఉప్పు.

కాంక్రీటుకు ఉన్న క్షారగుణం వల్ల లోపలి ఇనుప చువ్వల చుట్టూ పలుచని రక్షణ పొర ఏర్పడుతుంది. ఉప్పులోని క్లోరైడు సన్న పగుళ్ల గుండా దిగి ఆ పొరను చెడగొడుతుంది. చువ్వ తుప్పు పట్టి ఉబ్బుతుంది, ఎందుకంటే తుప్పు ఇనుముకన్నా కొన్ని రెట్లు ఎక్కువ చోటు ఆక్రమిస్తుంది. ఉబ్బిన చువ్వ పైనున్న కాంక్రీటును లోపలి నుంచే పెకలిస్తుంది. పైకి చూస్తే ఏమీ ఉండదు. ఇదంతా ఏళ్లు పట్టే పని.

1960ల్లో, 70ల్లో వరసగా లేచిన టవర్ల గ్యారేజీ స్లాబులు చాలావాటికి పైన వాటర్‌ప్రూఫ్ పొరే లేదు. కాంక్రీటే రాయి, దానికి రక్షణ ఎందుకు అనుకున్నారు. 1980లు వచ్చేసరికి ఆ రాయి పెచ్చులూడటం మొదలైంది. అప్పుడు ఇంజినీర్లు చేసిన పరీక్ష ఇప్పటికీ చేస్తారు. పొడవాటి ఇనుప గొలుసును స్లాబు మీద ఈడ్చుకుంటూ నడుస్తారు. గట్టిగా ఉన్నచోట ఖంగుమంటుంది. లోపల పొర విడిపోయిన చోట డొల్లగా పలుకుతుంది. సంతలో కుండను వేలితో కొట్టి చూసినట్టే. డొల్ల పలికిన చోటల్లా స్ప్రే పెయింటుతో గీత గీస్తారు. ఓ మిత్రుడి బిల్డింగులో ఆ గీతల్ని చూశాను. కార్లన్నీ తీయించిన ఖాళీ గ్యారేజీలో ఎర్ర చుట్లు ఒకదాంట్లోకి ఒకటి కలిసిపోయి, ఎవరో మ్యాపులో చెరువులు గీసినట్టున్నాయి. ‘మా చెరువులన్నీ నిండాయి’ అన్నాడు వాడు.

1987లో కెనడా ప్రమాణాల సంస్థ పార్కింగ్ కట్టడాల కోసం విడిగా ఒక ప్రమాణం తెచ్చింది, పేరు సీఎస్‌ఏ ఎస్413. స్లాబు మీద నీరు దిగని పొర, నీరు నిలవని వాలు, చువ్వలకు తగిన రక్షణ ఉండాలని చెప్పింది. అది కొత్తగా కట్టేవాటికి. అప్పటికే లేచి నిలబడ్డ వందలాది గ్యారేజీల మాటేమిటి? వాటి ఖర్చు ఎవరో ఒకరు పెట్టుకోవాలి. రిజర్వ్ ఫండ్ అంటే కార్పెట్లకు, లాబీ రంగులకు దాచుకునే చిల్లర అనుకున్న కాలం ఆ దశాబ్దంతో ముగిసింది.

ఇక్కడ చిన్న లెక్క వేద్దాం. 200 ఫ్లాట్ల టవర్, గ్యారేజీ రిపేరుకు 30 లక్షల డాలర్లు అనుకుందాం. ఫ్లాటుకు 15,000. 25 ఏళ్ల ముందే మొదలుపెట్టి ఉంటే, వడ్డీ, ధరల పెరుగుదల పక్కనపెడితే, నెలకు 50 డాలర్లు. మొదట కొని 20 ఏళ్లు ఉండి అమ్ముకుని వెళ్లినాయన ఆ 50 కట్టకుండా 12,000 మిగుల్చుకున్నాడు. ఆయన ఉన్నన్నాళ్లూ ‘మా బిల్డింగులో ఫీజు తక్కువ’ అని చెప్పుకున్నాడు, ఆ తక్కువ ఫీజు చూపించే మంచి ధరకు అమ్మాడు. కొన్నవాడికి ఐదేళ్లలో స్పెషల్ అసెస్‌మెంట్ (నెలవారీ ఫీజు కాక విడిగా వేసే వసూలు) నోటీసు వచ్చింది. ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగక తప్పదంటారు కానీ ఇక్కడ తిన్నది ఒకరు, గ్లాసు పట్టుకున్నది ఇంకొకరు.

‘నేనెందుకు కట్టాలి’ అనేవాళ్లు అడగాల్సింది బోర్డును కాదని అందుకే అంటున్నాను. అమ్మినవాడు మాత్రం ఆ గ్రూపులో ఉండడు.

ఒంటారియో 1998లో రాసి 2001 మే 5 నుంచి అమలు చేసిన చట్టం ఈ అనుభవాన్ని మింగి పుట్టిందని నా లెక్క. కొత్త భవనమైతే రిజిస్టరైన ఏడాదిలోపే తొలి స్టడీ. కనీసం 30 ఏళ్ల ముందుచూపు. ఆపైన మూడేళ్లకోసారి సవరణ. స్టడీ అందిన 120 రోజుల్లో బోర్డు ప్లాన్ తయారు చేసి, ఆ తర్వాత యజమానులకు తెలపాలి. తెలపాలి, అంతే. ఓటింగ్ లేదు. వాట్సాప్‌లో ‘మమ్మల్ని అడిగారా’ అన్న ప్రశ్నకు జవాబు ఇదే: అడగనక్కర్లేదని చట్టం కావాలనే రాసింది.

ఎందుకు రాసిందో తెలియాలంటే మంచు పడని చోటికి వెళ్లాలి. ఫ్లోరిడా చట్టం చాలాకాలం యజమానుల మెజారిటీ ఓటుతో రిజర్వ్ కట్టుబడిని తగ్గించుకోనిచ్చింది, పూర్తిగా మానుకోనిచ్చింది కూడా. అక్కడి సర్ఫ్‌సైడ్‌లో చాంప్లెయిన్ టవర్స్ సౌత్ అనే కాండోలో కాంక్రీటు పాడైందని 2018లోనే ఇంజినీరు రిపోర్టు ఇచ్చాడు. వాదోపవాదాలన్నీ అయ్యి 1.5 కోట్ల డాలర్ల స్పెషల్ అసెస్‌మెంటుకు 2021 ఏప్రిల్‌లో బోర్డు ఒప్పుకుంది. తొలి వాయిదా జూలై 1న. భవనం జూన్ 24 తెల్లవారుజామున కూలింది. 98 మంది పోయారు. ఆ తర్వాతే ఫ్లోరిడా ఆ వెసులుబాటును బిగించింది. కెనడాలోనే బ్రిటిష్ కొలంబియా రాష్ట్రం కూడా 2011లో ఇలాంటి స్టడీ రిపోర్టు తప్పనిసరి అంటూనే నాలుగింట మూడొంతుల ఓటుతో ఏటా వాయిదా వేసుకునే దారి ఉంచింది. 2024 జూలైలో ఆ దారి మూసేసింది.

సర్ఫ్‌సైడ్ పేరే అందరి నోటా వింటాం. కానీ చలిదేశాలకు అంతకన్నా దగ్గరి పాఠం ఉత్తర ఒంటారియోలోని ఎలియట్ లేక్. కాండో కాదు, ఒక షాపింగ్ మాల్, పైకప్పు మీదే పార్కింగ్. 1980 ప్రాంతంలో కట్టిన రోజు నుంచీ కారుతూనే ఉంది. దుకాణాల్లో బకెట్లు, టార్పాలిన్లు మామూలైపోయాయి. వాటర్‌ప్రూఫింగ్ మొత్తం మార్చాలంటే డబ్బు ఎక్కువని ఒక యజమాని తర్వాత మరో యజమాని అతుకులేసుకుంటూ వచ్చారు. కార్లు మోసుకొచ్చిన ఉప్పునీరు మూడు దశాబ్దాలపాటు ఒక దూలాన్నీ స్తంభాన్నీ కలిపే వెల్డింగును తినేసింది. 2012 జూన్ 23న కప్పులో ఒక భాగం కూలి ఇద్దరు మహిళలు చనిపోయారు. దానికి కొన్ని వారాల ముందే ఒక ఇంజినీరు చూసి కట్టడం బాగానే ఉందని రాసిచ్చాడు. 2014లో వచ్చిన విచారణ కమిషన్ నివేదిక తుప్పుకన్నా మనుషుల వైఫల్యాన్నే ఎక్కువ తప్పుపట్టింది.

ఆ ఇంజినీరు సంగతి ఇవాళ్టి గొడవలో యజమానులకు దొరికే ఆయుధం. ‘చూసి బాగుందన్నవాడూ ఇంజినీరే, లక్షలు కావాలంటున్నవాడూ ఇంజినీరే’ అంటారు. పింఛను మీద బతికేవాళ్లకు నెలకు 150 పెరిగినా భారమే, అదీ నిజమే. స్టడీ రాసిన సంస్థే రేపు రిపేరు పని పర్యవేక్షణకు వస్తే అనుమానం రాదా అన్నదీ కొట్టిపారేసే ప్రశ్న కాదు. అలాంటి చోట వేరే సంస్థ చేత చూపించమని అడగొచ్చు. ఫీజు పెంచొద్దనడం మాత్రం వేరే సంగతి.

నాకు అంతకంటే పెద్ద లొసుగుగా కనిపించేది ఇంకొకటుంది. ఒంటారియోలో మూడేళ్లకోసారి స్టడీ అంటారు గానీ, ఒకసారి కాగితాల మీది సవరణ, ఇంకోసారి భవనాన్ని చూసి చేసే సవరణ, ఇలా వంతులు. అంటే ఇంజినీరు మెట్లు దిగి గ్యారేజీలోకి ఆరేళ్లకోసారి వచ్చినా చట్టానికి సరిపోతుంది. మధ్యలో ఆరు శీతాకాలాలు. అదీ మామూలుగా కంటితో చూడటమే, గొలుసు ఈడ్చడం కాదు. వాటర్‌ప్రూఫ్ పొర కింద ఏముందో కంటికెలా తెలుస్తుంది? ఈ విషయంలో క్యుబెక్ ముందుంది. 2008లో మాంట్రియల్‌లో ఒక అపార్ట్‌మెంట్ గ్యారేజీ స్లాబు కూలి ఒకరు చనిపోయాక, 2013 నుంచి పార్కింగ్ కట్టడాలను ఏటా చూసుకోవాలని, ఐదేళ్లకోసారి ఇంజినీరుతో పరీక్ష చేయించాలని నియమం పెట్టింది. డబ్బు దాచే నియమం మాత్రం పన్నెండేళ్లు ఆలస్యంగా తెచ్చింది. జబ్బు కనిపెట్టమని చెప్పి మందుకు డబ్బు అక్కర్లేదన్నట్టు.

చలి ఎంత ఎక్కువైతే నష్టం అంత ఎక్కువ అనుకోవడమూ పొరపాటే. సున్నాకు అటూ ఇటూ ఊగిసలాడే చోటే కాంక్రీటుకు, ఇటుకకు కష్టం. పగలు కరిగిన నీరు పగుళ్లలోకి దిగి, రాత్రి గడ్డకట్టి ఉబ్బి పగులును పెంచుతుంది. టొరంటోలో ఒక శీతాకాలంలోనే ఇది చాలాసార్లు జరుగుతుంది. అమెరికాలోని మిన్నెసోటా టౌన్‌హోములకు (వరసగా కలిపి కట్టిన ఇళ్లకు) ఇంకో రకం బెడద. ఇంటి వేడికి రూఫు మీది మంచు కరిగి, చల్లని అంచు దగ్గర మళ్లీ గడ్డకట్టి ఆనకట్టలా నిలుస్తుంది. వెనక నిలిచిన నీరు రూఫు మీద పరిచిన షింగిల్స్ పలకల కిందికి ఎగబాకి సీలింగులోకి దిగుతుంది. అక్కడి చట్టం బోర్డు మూడేళ్లకోసారి రిజర్వును సరిచూసుకోవాలంటుంది. ఫ్లోరిడాలో లెక్క కట్టిన ఆయుర్దాయాలు తెచ్చి చలిప్రాంతాల రూఫులకు అంటిస్తే పప్పులో కాలేసినట్టే.

ఇక బిల్డర్లు. ఒంటారియోలో మొదటి ఏడాది బడ్జెట్ బిల్డరే వేస్తాడు. ఆ ఏడాది లోటు వస్తే చట్టప్రకారం ఆయనే భరించాలి. కాబట్టి ఆయన బాధ్యతంతా ఆ ఒక్క ఏడాదిదే. ఈలోగా తొలి స్టడీ వస్తుంది, రెండో ఏడాది ఫీజు ఎగురుతుంది. తొలి స్టడీకి ముందు రిజర్వుకు కట్టాల్సిన కనీసం ఉమ్మడి ఖర్చుల్లో 10 శాతమే. ఆ 10 అన్న అంకె ఏ గొలుసు చప్పుడు వినీ పుట్టింది కాదు. అయినా ఇప్పటికీ ఏజీఎంలో (యజమానుల వార్షిక సమావేశంలో) ఎవరో ఒకరు లేచి ‘పది శాతం పెడుతున్నాం కదా, చాలదా’ అంటూనే ఉంటారు.

బ్రాంప్టన్‌లోనో మిసిసాగాలోనో కొత్తగా కాండో చూస్తున్న మనవాళ్లకు ఒక పని చెబుతాను. ఒంటారియోలో 100 డాలర్లు కడితే పది రోజుల్లో స్టేటస్ సర్టిఫికెట్ (ఆ కాండో ఆర్థిక స్థితి చెప్పే పత్రం) ఇవ్వాలి. లాయరు అందులో కేసులు, బకాయిలు చూస్తాడు. మీరు రిజర్వ్ ఫండ్ పేజీ తెరిచి గ్యారేజీ పొర ఏ ఏడాది మార్చారో, మళ్లీ ఎప్పుడు మార్చాలని రాశారో చూడండి. ఆ తర్వాత ఫ్లాటు చూపించే ఏజెంటును లిఫ్టులో పైకి కాక కిందికి తీసుకెళ్లమనండి. పీ2లో (పార్కింగ్ రెండో అంతస్తులో) సీలింగు వైపు చూస్తూ ఓ పది నిమిషాలు నడవండి. కార్ల మీద ప్లాస్టిక్ షీట్లు కప్పి ఉంటే, ఎందుకు కప్పారో ఆ కార్ల వాళ్లనే అడగండి.