ఏ ఫారంలో పెట్టాలి? భూమి దరఖాస్తుల తగువు ఎక్కడ మొదలైంది

2025 జూన్‌లో ఊరూరా జరిగిన రెవెన్యూ సదస్సుల్లో భూ సమస్యలపై ఇచ్చిన దరఖాస్తులు ఏమయ్యాయన్న ప్రశ్న నల్లగొండ, పాలమూరు జిల్లాల్లో మళ్ళీ గట్టిగా వినపడుతోంది. భూమి గొడవతో సోమవారం కలెక్టరేట్లో అర్జీలు తీసుకునే ప్రజావాణికి వచ్చేవాళ్ళ సంచుల్లో పాత రసీదులు ఉంటాయి. ధరణి అనే భూ రికార్డుల పోర్టల్‌లో పెట్టిందొకటి, సదస్సులో ఇచ్చిందొకటి, ప్రజావాణిలో రాసిచ్చింది ఇంకొకటి. మూడింటిలోనూ ఉన్న సమస్య ఒక్కటే. ఆఫీసు లెక్కలో మాత్రం అవి మూడు వేర్వేరు ఫైళ్లు.

అర్జీదారు సరైన రకం ఎంచుకోలేదని, కావలసిన కాగితాలు జతచేయలేదని, అందుకే దరఖాస్తు ఆగిందని అధికారులు అంటున్నారు. మా బాధ ఏమిటో ఫారం అడగనే లేదని రైతులు అంటున్నారు. ఈ తగువు మూలం తెలియాలంటే పట్వారీల కాలం దాకా వెనక్కి పోనక్కర్లేదు. అదంతా అందరికీ తెలిసిన చరిత్రే. 2020 అక్టోబరు 29న మొదలుపెడితే చాలు.

ఆ రోజు మూడుచింతలపల్లిలో అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్ ధరణి పోర్టల్‌ను ప్రారంభించారు. అంతకు ముందు నెలలోనే ఊరి రెవెన్యూ అధికారుల (వీఆర్వో) వ్యవస్థ రద్దయింది. పాత 1971 చట్టం స్థానంలో కొత్త పాస్‌బుక్కుల చట్టం వచ్చింది, రెవెన్యూ కోర్టులు పోయాయి. వ్యవసాయ భూమి రిజిస్ట్రేషన్, రికార్డులో పేరు మార్చే మ్యుటేషన్ రెండూ తహసీల్దారు దగ్గరే ఒకేసారి జరిగే ఏర్పాటు వచ్చింది. రికార్డు సరిగ్గా ఉన్నవాళ్ళకు అది నిజంగా మేలు చేసింది. మ్యుటేషన్ కోసం నెలల తరబడి తిరిగే బాధ తప్పింది.

ఇబ్బందంతా రికార్డు తప్పుగా పడినవాళ్ళది. పోర్టల్‌కు ఎక్కిన సమాచారం 2017 సెప్టెంబరు 15న మొదలైన భూ రికార్డుల ప్రక్షాళన నుంచి వచ్చింది. రాష్ట్రం మొత్తాన్ని కొద్ది నెలల్లో చుట్టబెట్టిన పని అది. విస్తీర్ణంలో గుంటల తేడా, పేరులో అక్షరాల తేడా, పాస్‌బుక్కులోంచి గల్లంతైన సర్వే నంబరు, తగాదా ఉందని పార్ట్-బీలో పెట్టేసిన పొలం, డిజిటల్ సంతకం పడక ఆగిపోయిన ఖాతా. ఇవన్నీ ఉన్నవి ఉన్నట్టుగా ఆన్‌లైన్‌లోకి వెళ్ళాయి. పోర్టల్‌ను కట్టినవాళ్ళు కొనుగోలు, దానం, పంపకం, విరాసత్ లాంటి లావాదేవీలను దృష్టిలో పెట్టుకున్నారు. తప్పును చెప్పుకోవడం అందులో ఒక పనిగా లేదు.

కథ ఇక్కడే మలుపు తిరిగింది. తర్వాత వచ్చిన చిక్కులన్నీ ఈ లోటులోంచే పుట్టాయి.

గోల పెరిగినకొద్దీ పోర్టల్‌లో మాడ్యూళ్లు, అంటే ఒక్కో పనికి ఒక్కో దరఖాస్తు రకం, ఒక్కొక్కటిగా చేర్చుకుంటూ పోయారు. అవి 33 దాకా చేరాయి. పాస్‌బుక్కులో తప్పుల సవరణకు పెట్టిన టీఎం-33 పేరు ఊళ్ళలో చదువు రానివాళ్ళకు కూడా నోటికి వచ్చింది. మాడ్యూళ్లు ఎక్కువయ్యాయని అప్పట్లో అందరూ తిట్టారు, ఇప్పటికీ తిడుతున్నారు. అసలు లోపం సంఖ్యలో లేదు. ప్రతి మాడ్యూలుకూ ఆఫీసు చేయాల్సిన పనిని బట్టి పేరు పెట్టారు. రైతుకు ఏం జరిగిందో దాన్ని బట్టి పెట్టలేదు.

శ్రీశైలం ఎడమ కాలువ (ఎస్సెల్బీసీ)కో, కల్వకుర్తి ఎత్తిపోతల కాలువకో భూమి ఇచ్చిన రైతును తీసుకుందాం. ఒక సర్వే నంబరులో ఐదెకరాలు. కాలువకు ఎకరం ఇరవై గుంటలు పోయింది, మూడెకరాల ఇరవై గుంటలు మిగిలింది. రికార్డులో మాత్రం సర్వే నంబరు మొత్తం నిషేధిత జాబితాలో పడింది. మిగిలిన భూమిని అమ్మాలన్నా, కొడుకు పేర రాయాలన్నా రిజిస్ట్రేషన్ కాదు. అతను చెప్పుకోవాల్సింది ఒక్క మాట: కాలువకు పోయింది తీసేసి, ఉన్నది నాకు ఉంచండి. ఇది నిషేధిత జాబితా ఫిర్యాదా, విస్తీర్ణం సవరణా, భూసేకరణ విషయమా? చూస్తే మూడూ అవుతుంది. పోర్టల్‌లో అవి వేర్వేరు దారులు. ఏ దారి పట్టాలో మీ సేవ కౌంటర్‌లో కూర్చున్న కుర్రాడు తేల్చాలి, అదీ వెనక లైను కదలమని తొందర పెడుతుండగా. చట్టం చదివిన వకీలు కూడా ఆలోచించి చెప్పాల్సిన ప్రశ్నను కంప్యూటర్ ఆపరేటర్ మీద వేశారు.

అతను ఎంచుకున్నది తప్పయితే దరఖాస్తు తిరస్కరించేవారు. ఎందుకన్నది చాలాసార్లు తెలిసేది కాదు. మళ్ళీ వేరే మాడ్యూలు, మళ్ళీ ఫీజు, మళ్ళీ కొత్త నంబరు. మొదటి దరఖాస్తుకు జతచేసిన పహాణీలు, ఈసీలు, పాత పాస్‌బుక్కు జిరాక్సులు రెండోదానికి రావు. పైగా మొదట్లో దాదాపు ప్రతిదీ కలెక్టర్ లాగిన్‌కే వెళ్ళేది. తహసీల్దారు రిపోర్టు రాసి పంపాలి, నిర్ణయం మాత్రం పైనే. జిల్లా మొత్తానికి వచ్చిన సవరణలన్నీ ఒక్క బల్ల మీద పేరుకుపోయాయి.

కస్టమర్ సపోర్ట్‌లో పనిచేసినవాళ్ళకు ఈ లోపం చూడగానే తెలుస్తుంది. మన ఊళ్ళ నుంచి హైదరాబాద్ వెళ్ళి ఆ ఉద్యోగాల్లో చేరిన పిల్లలు ఎందరో ఉన్నారు. అక్కడ వచ్చే ప్రతి ఫిర్యాదూ ఒక టికెట్. ఆ టికెట్లను నడిపే సాఫ్ట్‌వేర్లు, జెండెస్క్ గానీ, చెన్నైలో పుట్టిన ఫ్రెష్‌డెస్క్, జోహో డెస్క్ గానీ, ఒకే సంస్థకు రకరకాల టికెట్ ఫారాలు తయారుచేసుకునే వీలిస్తాయి. డబ్బు వాపసు అడిగేవాడికి ఆర్డరు నంబరు గడి కనిపిస్తుంది, లాగిన్ కాలేనివాడికి అది కనిపించదు. మొదటి ప్రశ్నకు ఇచ్చిన జవాబును బట్టి తర్వాతి గడులు తెరుచుకుంటాయి. అంటే వేర్వేరు ఫారాలు ఉండటం తప్పేమీ కాదు. చక్కగా అల్లితే రాసేవాడికి పని తగ్గుతుంది, చదివేవాడికి కావలసిన వివరం మొదటిసారే అందుతుంది.

అయితే వాటికి కొన్ని కట్టుబాట్లు ఉన్నాయి. అర్జీదారు నింపే గడులు వేరు, సిబ్బంది నింపుకునే గడులు వేరు. తన కష్టమేమిటో వినియోగదారుడు తన మాటల్లో చెబుతాడు. అది ఏ విభాగం కిందికి వస్తుందో లోపల ఉన్నవాళ్ళు చూసుకుంటారు. తప్పు ఫారంలో వచ్చిన టికెట్‌ను మూసేయరు, ఫారం మార్చి సరైన బృందానికి పంపుతారు. నంబరు అదే ఉంటుంది, పెట్టిన తేదీ అదే ఉంటుంది, జతచేసిన కాగితాలు అలాగే ఉంటాయి. ఒకే విషయంపై రెండు టికెట్లు వస్తే కలిపేస్తారు. పని కాకుండా మూసేస్తే అదే టికెట్‌ను తిరిగి తెరవొచ్చు. ‘ఇతరములు’ అన్న గడిలో ఎక్కువ వచ్చి పడుతుంటే అవి చదివి కొత్త రకం చేరుస్తారు.

ధరణిలో కరువైనవి సరిగ్గా ఇవే. ఎంపిక భారం అర్జీదారు మీద వేసి, ఎంపిక తప్పితే వచ్చే నష్టాన్ని కూడా అతని మీదే వేశారు. పని చేయాల్సిన చోటే ఆఫీసు తప్పుకుంది.

అధికారుల వాదనలో నిజం లేకపోలేదు. తెల్లకాగితం మీద రాసిచ్చిన అర్జీలు తహసీల్ ఆఫీసు బీరువాల్లో ఏళ్ళ తరబడి పడి ఉన్న రోజులు మనం చూశాం. రకాలుగా విడదీయకపోతే లక్షల దరఖాస్తులను ఎవరికి పంపాలో తెలియదు. పోర్టల్ వచ్చాక కనీసం ఒక నంబరు దక్కింది, ఎక్కడ ఆగిందో చూసుకునే వీలు వచ్చింది.

ప్రభుత్వం మారాక 2024 జనవరిలో కాంగ్రెస్ నేత కోదండరెడ్డి, భూ చట్టాల నిపుణుడు సునీల్ కుమార్, విశ్రాంత ఐఏఎస్ రేమండ్ పీటర్ తదితరులతో ధరణి కమిటీ ఏర్పడింది. అప్పటికి పెండింగ్‌లో ఉన్నవి 2.45 లక్షల దరఖాస్తులని ప్రభుత్వమే చెప్పింది. ఫిబ్రవరి 29న వచ్చిన ఉత్తర్వుతో కలెక్టర్ దగ్గరున్న అధికారాలు మాడ్యూళ్ల వారీగా తహసీల్దార్లకు, ఆర్డీఓలకు, అదనపు కలెక్టర్లకు పంచారు. మార్చి మొదటి వారంలో ప్రత్యేక డ్రైవ్ నడిపారు. బల్లలు పెరిగాయి కాబట్టి ఫైళ్లు కదిలాయి. మాడ్యూళ్లు మాత్రం అవే. తప్పు దారిలో వచ్చిన దరఖాస్తు గతి అంతకు ముందు ఎలా ఉందో అప్పుడూ అలాగే ఉంది.

2025 ఏప్రిల్ 14న ధరణి స్థానంలో కొత్త చట్టం, కొత్త పోర్టల్‌తో భూభారతి వచ్చింది. ప్రయోగాత్మకంగా తీసుకున్న నాలుగు మండలాల్లో నారాయణపేట జిల్లా మద్దూరు ఒకటి. 33 మాడ్యూళ్లను ఆరుకు తగ్గించామని ప్రభుత్వం గట్టిగా చెప్పుకుంది. అప్పీలుకు వెళ్ళే దారి చట్టంలో మళ్ళీ వచ్చింది. ఇది చిన్న విషయం కాదు, ధరణి కాలంలో సివిల్ కోర్టు తప్ప వేరే గతి లేనివాళ్ళకు ఇదే అన్నిటికంటే పెద్ద మార్పు. ఆరు అన్న అంకెకు మాత్రం నేను అంత విలువ ఇవ్వను. ఆరింటిలో తప్పుగా ఎంచుకున్నవాడి దరఖాస్తును ఆఫీసే సరైన చోటికి మార్చుతుందా, లేక కొత్తగా పెట్టుకోమంటుందా? దానికి జవాబు దొరికితేనే మార్పు వచ్చిందో లేదో తెలుస్తుంది.

జూన్ 3 నుంచి 20 దాకా జరిగిన రెవెన్యూ సదస్సుల్లో ఆ జవాబు కొంత కనిపించింది. ఆఫీసు ఊరికి వచ్చింది. ఫీజు లేదు. కాగితం ఫారం ఇచ్చి, పక్కన సిబ్బందిని కూర్చోబెట్టి రాయించుకున్నారు. రాష్ట్రమంతా ఎనిమిది లక్షలకు పైగా దరఖాస్తులు వచ్చాయి. మనిషి ఎదురుగా ఉండి అడిగితే ఎంత బాధ బయటికి వస్తుందో ఆ అంకె చెబుతుంది. తర్వాత 10,954 గ్రామ పాలనాధికారి పోస్టుల్లో నియామకాలు మొదలై, ఊళ్ళో రెవెన్యూ మనిషి మళ్ళీ కనిపిస్తున్నాడు.

సదస్సుల్లో వచ్చినవాటిలో సాదాబైనామాలు, అంటే రిజిస్ట్రేషన్ లేకుండా తెల్లకాగితం మీద రాసుకున్న కొనుగోళ్ళు, పెద్ద వాటా. ఇక్కడ మళ్ళీ 2020కే వెళ్ళాలి. తెల్లకాగితం మీద కొన్న భూములను క్రమబద్ధం చేస్తామని ఆ ఏడాది అక్టోబరు 12 నుంచి నవంబరు 10 దాకా దరఖాస్తులు తీసుకున్నారు. దాదాపు 9 లక్షల మంది పెట్టుకున్నారు. గడువు మధ్యలో, అక్టోబరు 29న, కొత్త చట్టం అమల్లోకి వచ్చింది. అందులో సాదాబైనామాల ఊసే లేదు. హైకోర్టు ఆ సంగతే ఎత్తిచూపి ప్రక్రియను ఆపింది. చట్టం లేని పనికి ప్రభుత్వం దరఖాస్తులు తీసుకుంటూ పోయింది, ఐదేళ్ళు జనం రసీదులు దాచుకున్నారు. భూభారతి చట్టంలో సెక్షన్ 6 పెట్టాక, 2025 ఆగస్టులో హైకోర్టు అడ్డు తొలగింది.

ఆ సెక్షన్ 2020లో ఆ గడువులోగా దరఖాస్తు పెట్టినవాళ్ళకే వర్తిస్తుంది. 2014 జూన్ 2కు ముందు కొని, పన్నెండేళ్ళకు పైగా సాగులో ఉన్న సన్నకారు, చిన్నకారు రైతులకు మాత్రమే. అప్పుడు పెట్టనివాళ్ళు కూడా సదస్సుల్లో వరసలో నిలబడి సాదాబైనామా దరఖాస్తులు ఇచ్చారు, సిబ్బంది తీసుకున్నారు. ‘2020లో పెట్టారా, రసీదు నంబరు ఎంత’ అన్న ఒక్క ప్రశ్న అందరినీ ముందే అడిగి ఉంటే, వాళ్ళకు తమ కేసు ఈ సెక్షన్ కిందికి రాదని ఆ రోజే తెలిసేది, వేరే దారి ఏదో వెతుక్కునేవాళ్ళు. అర్హులైనవాళ్ళ పాత దరఖాస్తు కూడా కొత్తదానితో కలిసేది.

ఇప్పుడు తిరస్కరణ నోటీసులు అందుకుంటున్న ఈ రెండు రకాల మనుషులకు వేర్వేరు సమాధానం రావాలి. 2020లో పెట్టనివాళ్ళకు చట్టం ఎక్కడ అడ్డుపడిందో రాతలో చెప్పాలి. అప్పుడే పెట్టిన అర్హుల దరఖాస్తు తిరస్కరించడమే తప్పు, 2020 నంబరుతో దాన్ని తిరిగి తెరవాలి. కలెక్టర్లు దీనికి హైదరాబాద్ వైపు చూడనక్కర్లేదు. 2020 జాబితాలు జిల్లాల్లోనే ఉన్నాయి, సదస్సుల జాబితాలు మండలాల్లోనే ఉన్నాయి. ఆ రెంటినీ ఊరి వారీగా పక్కపక్కన పెట్టి చూసే పని గ్రామ పాలనాధికారులకు ఇంకా అప్పగించాల్సే ఉంది.